హెల్మెట్ స్పీకర్‌లో ఈల శబ్దం: ఎర్త్ వైరు ఎక్కడ కలపాలి?

నాన్నగారిని వెనుక కూర్చోబెట్టుకుని వారానికి రెండుసార్లు విజయవాడ నుంచి గుంటూరు వెళ్లి వస్తుంటాను. ఆయనకు వినికిడి తగ్గింది. మంగళగిరి దాటాక గాలి హోరులో నేనెంత అరిచినా వినపడదు. అందుకే ఇద్దరి హెల్మెట్లకూ బ్లూటూత్ ఇంటర్‌కమ్ పెట్టించాను. "నడుము పట్టేసింది, కాసేపు ఆపరా" అని ఆయన మెల్లగా అన్న మాట మొదటిసారి చెవిలో స్పష్టంగా వినిపించినప్పుడు ఎంత ఊరటగా అనిపించిందో చెప్పలేను.

ఇబ్బంది ఛార్జింగ్‌తో వచ్చింది. హ్యాండిల్ మీద యూఎస్‌బీ సాకెట్ బిగించి, బండి 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టి లైను తీశారు. ఆ కేబుల్ నా ఇంటర్‌కమ్‌కు తగిలించగానే సన్నని ఈల మొదలవుతుంది. యాక్సిలరేటర్ తిప్పేకొద్దీ అది కూడా పెరుగుతుంది. కేబుల్ పీకితే ఆ క్షణమే ఆగిపోతుంది. సొంత బ్యాటరీ మీద నడిచే నాన్నగారి సెట్‌లో మాత్రం ఏ శబ్దమూ లేదు. బిగించిన మెకానిక్ బండి బ్యాటరీ మార్చమంటున్నాడు. నాకు నమ్మకం కుదరడం లేదు. ఇంజను ఆపితే 12.6, నడుస్తుంటే 14 వోల్టులు చూపిస్తోంది. బ్యాటరీ బాగానే ఉన్నట్టు కదా!

సాకెట్ ఎర్త్ వైరును ఇప్పుడు హ్యాండిల్ దగ్గరి బోల్టుకు చుట్టారు, లోహానికి సరిగ్గా తగిలేలా కింద రంగు కూడా గీకలేదు. దాన్ని నేరుగా బ్యాటరీ నెగటివ్‌కు కలిపితే సరిపోతుందా, కరెంటు లైనులో వచ్చే ఇలాంటి శబ్దాన్ని అడ్డుకునే నాయిస్ ఫిల్టర్ కూడా వేయాలా? ఆటోనగర్‌లో ఈ పని బాగా తెలిసిన ఎలక్ట్రీషియన్లు ఏ వైపు ఉంటారో దయచేసి చెప్పండి. శుక్రవారం మళ్లీ ప్రయాణం ఉంది.