పేజీ మేకప్ సాఫ్ట్‌వేర్ తెరవగానే మూసుకుపోతోంది, ఫార్మాట్ కొట్టాల్సిందేనా?

చీరాల డీటీపీ
అందరికీ నమస్కారం. మాది చిన్న డీటీపీ షాపు, పెళ్లికార్డులు, కరపత్రాలు చేస్తాం. మూడు రోజుల నుంచి పేజీ మేకప్ సాఫ్ట్‌వేర్ ఏడిపిస్తోంది. మెయిన్ స్క్రీన్ వస్తుంది, కానీ పాత ఫైలు తెరిచినా కొత్త పేజీ తీసుకున్నా రెండు మూడు సెకన్లలో ఏ మెసేజూ లేకుండా మాయమైపోతుంది. బ్రౌజర్, ఎక్సెల్ బాగానే ఉన్నాయి. రెండుసార్లు తీసేసి మళ్లీ వేశాను, అయినా అంతే. విండోస్ 10, 8 జీబీ ర్యామ్. ఇక్కడ సిస్టమ్‌లు బాగుచేసే అతను ఫార్మాట్ కొట్టాలంటున్నాడు. పదేళ్లుగా పోగేసుకున్న తెలుగు ఫాంట్లు, కార్డు మోడళ్లు అన్నీ ఇందులోనే ఉన్నాయి. బుధవారానికి రెండు పెళ్లిళ్ల కార్డులు ఇవ్వాలి, చాలా టెన్షన్‌గా ఉంది.

వరంగల్ సర్వీస్
ఫార్మాట్ ఇప్పుడే వద్దండి. సాఫ్ట్‌వేర్ ఎక్కడ పడిపోయిందో విండోస్ రాసిపెట్టుకుంటుంది, ముందు అది చూడాలి. స్టార్ట్‌లో ఈవెంట్ వ్యూయర్ అని కొట్టి, విండోస్ లాగ్స్, అందులో అప్లికేషన్ తెరవండి. ఎర్ర గుర్తుతో అప్లికేషన్ ఎర్రర్, ఈవెంట్ ఐడీ 1000 అని ఉంటాయి. వాటిలో ‘ఫాల్టింగ్ మాడ్యూల్ నేమ్’ దగ్గర ఏ ఫైలు పేరుందో నాలుగైదింటిలో చూసి చెప్పండి. ప్రతిసారీ ఒకే ఫైలైతే దాని వెనక పడదాం. ఒక్కోసారి ఒక్కో పేరు వస్తుంటే ర్యామ్ మీద అనుమానం, అప్పుడు విండోస్ మెమరీ డయాగ్నోస్టిక్ నడపాలి.

ఏం చేసినా ముందు మోడళ్లు, ఫాంట్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఫాంట్లన్నీ విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లోనే ఉంటాయనుకోవద్దు, 2018 చివర్లో వచ్చిన అప్‌డేట్ నుంచి మామూలుగా ఇన్‌స్టాల్ కొట్టినవి యూజర్ ఫోల్డర్‌లోని యాప్‌డేటాలోకి వెళ్తున్నాయి. ఫార్మాట్ కొట్టాక చాలామంది ఏడ్చేది దీని గురించే.

గుంటూరు ఆఫ్‌సెట్
ఈ మధ్య కొత్త ప్రింటర్ ఏమైనా పెట్టారా? పేజీ తెరిచేటప్పుడు ఇలాంటి సాఫ్ట్‌వేర్లు కాగితం సైజు, మార్జిన్ల కోసం డిఫాల్ట్ ప్రింటర్‌ని అడుగుతాయి. ఆ ప్రింటర్‌ని నడిపే చిన్న ప్రోగ్రామ్, అంటే దాని డ్రైవర్, చాలాసార్లు ఈ సాఫ్ట్‌వేర్ లోపలే నడుస్తుంది కాబట్టి అది పడితే మొత్తం పడిపోతుంది. మెయిన్ స్క్రీన్ వచ్చి పేజీ దగ్గరే పోతోందంటే నా అనుమానం అదే. సెట్టింగ్స్‌లో ప్రింటర్ల దగ్గర, డిఫాల్ట్ ప్రింటర్‌ని విండోస్ చూసుకునే టిక్ తీసేసి, మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్‌ని డిఫాల్ట్ చేసి చూడండి. రెండు నిమిషాల పని.

చీరాల డీటీపీ
పోయిన వారమే కలర్ ప్రింటర్ మార్చాను, దానికీ దీనికీ సంబంధం ఉంటుందని తట్టనే లేదు! లాగ్‌లో ఐదింటికి ఐదూ ఒకే ఫైలు, దారి చూస్తే సిస్టమ్32లో స్పూల్, డ్రైవర్స్ అని ఉంది. ఎక్సెప్షన్ కోడ్‌లో సి తర్వాత ఆరు సున్నాలు, ఒక 5. పీడీఎఫ్‌ని డిఫాల్ట్ చేయగానే పేజీ తెరుచుకుంది, గంట నుంచి పని చేస్తున్నాను, ఒక్కసారి కూడా పోలేదు.

వరంగల్ సర్వీస్
దొరికింది. ఆ ఫోల్డర్‌లో ఉండేవి ప్రింటర్ డ్రైవర్లే. ప్రోగ్రామ్ తనది కాని మెమరీని ముట్టుకోబోతే వచ్చే కోడ్ అది. ఇప్పుడు ప్రింటర్‌ని రిమూవ్ చేస్తే సరిపోదు, డ్రైవర్ లోపల మిగిలిపోతుంది. ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్, డ్రైవర్స్ ట్యాబ్‌లో దాన్ని ఎంచుకుని, రిమూవ్ కొట్టినప్పుడు డ్రైవర్‌తోపాటు ప్యాకేజీ కూడా అన్న రెండో ఆప్షన్ పెట్టండి. తర్వాత రీస్టార్ట్ చేసి, మీ మోడల్‌కి తయారీ కంపెనీ సైట్‌లో ఉన్న కొత్త డ్రైవర్ వేయండి. కానీ బుధవారం దాకా దీని జోలికి పోవద్దు, పీడీఎఫ్ చేసి ప్రెస్‌కి పంపేయండి.

చీరాల డీటీపీ
అలాగేనండి. ఒక కార్డు ప్రూఫ్ ఇప్పుడే పెళ్లివారికి పంపాను. కార్డులు ఇచ్చేశాక గురువారం డ్రైవర్ మార్చి ఇక్కడే రాస్తాను.