‘సమైక్యం ఖమ్’ అంటే ఏమిటి?

ప్రశ్న (జడ్చర్ల): ఆరో తరగతి పిల్లలకు ఋణ సంఖ్యలు చెప్పేముందు ఈ శ్లోకం చదివించాలనుకుంటున్నా. మొదటి పాదం దగ్గరే ఆగిపోయా. విడదీసి చెప్పగలరా?
ధనయోర్ధనమృణమృణయోర్ధనర్ణయోరన్తరం సమైక్యం ఖమ్

జవాబు (నల్గొండ, లెక్కల టీచర్): ఇది బ్రహ్మగుప్తుడిది. 628 నాటి బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం, 18వ అధ్యాయం. ‘ధనయోః’ అంటే రెండు ధనాలకు. సంస్కృతంలో ద్వివచనం ఉంది కాబట్టి ‘రెండు’ అని వేరే చెప్పలేదు. రెండు ధనాలు కలిపితే ధనం, రెండు ఋణాలు కలిపితే ఋణం. ధనమూ ఋణమూ కలిస్తే వాటి అంతరం, అంటే తేడా. ఇక సమైక్యం: సమ + ఐక్యం. రెండూ సమానమైతే కూడిక ఖమ్, అంటే సున్న. 5, −5 కలిపినట్టు. మన దగ్గర ‘సమైక్యం సున్న’ అని చదివితే పిల్లలకంటే ముందు స్టాఫ్‌రూమ్ నవ్వుతుంది, జాగ్రత్త.

(మహబూబ్‌నగర్): కూడిక సరే సార్. అప్పును అప్పుతో గుణిస్తే ఆస్తి ఎట్లయితది? మా పిల్లలు ఇక్కడే పట్టుకుంటారు.

జవాబు: పట్టుకోవాల్సిందే. గుణకారానికి ఆయన వేరే శ్లోకం రాశాడు, అందులో మాటలు ‘ఘాతం’, ‘వధ’. (ఆ ఘాతమే మన ఘాతాంకంలో ఉంది.) ఋణాన్ని ఋణంతో గుణిస్తే ధనం అన్నాడు గానీ, ఎందుకో ఆ శ్లోకంలో లేదు. రెండు సంఖ్యలనూ అప్పులుగా చూపిస్తే లెక్క ఎక్కడా కుదరదు. ఒకటే అప్పు కావాలి, రెండోది కొట్టివేత. పాలమూరు పిల్లలకు మేస్త్రి బాకీల పుస్తకం తెలియనిదా? ఒకే ఇంట్లో ముగ్గురి పేరిట వెయ్యి చొప్పున అడ్వాన్స్ బాకీ ఉంది. మేస్త్రి ఆ మూడు పద్దులూ కొట్టేశాడు. ఇంటికి మూడు వేలు కలిసొచ్చినట్టే: (−3) × (−1000) = 3000. పిల్లలతో ముందు ఒక పద్దు, తర్వాత రెండు, తర్వాత మూడు కొట్టించండి. ‘మైనస్ ఇంటూ మైనస్ ప్లస్’ అని బట్టీ పట్టించడం మాత్రం వద్దు. వారం తిరక్కుండా −2 −3 కి 5 అని రాస్తారు.

(వనపర్తి): అంత పాతకాలంలోనే అందరూ ఒప్పుకున్నారా?

జవాబు: పూర్తిగా కాదు. భాస్కరాచార్యుడి బీజగణితంలో కోతుల లెక్క చూడండి. మందలో ఐదో వంతు నుంచి మూడు తీసేసి, వచ్చినదాన్ని వర్గం చేస్తే అన్ని కోతులు గుహలోకి పోయాయి. ఒకటి కొమ్మ మీద కనబడింది. జవాబులు రెండు: 50, 5. ఐదు వేస్తే ఐదో వంతు 1, అందులోంచి మూడు తీస్తే −2, వర్గం 4, కొమ్మ మీది దానితో కలిపి 5. లెక్క తప్పు లేదు. అయినా ఆయన 5 వద్దన్నాడు, ఋణంగా వచ్చిన రాశిని లోకం నమ్మదని. తొమ్మిదో తరగతి వాళ్లకు ఇవ్వండి, గంట కొట్టేదాకా కొట్టుకుంటారు.