కమ్యూనిటీ కాలేజీలు భాషా తరగతులను పంచుకోవడం విస్తరణా, కోతా?

ఫ్రీమాంట్ నివాసి:
కాలిఫోర్నియాలోని 116 కమ్యూనిటీ కాలేజీలలో (రెండేళ్ల చదువు చెప్పే ప్రభుత్వ కాలేజీలు) చాలావాటికి వర్చువల్ క్యాంపస్ అనే ఉమ్మడి ఏర్పాటు ఉంది. ఒక కాలేజీ విద్యార్థి మళ్లీ దరఖాస్తు పెట్టుకోకుండానే అందులో చేరిన మరో కాలేజీ ఆన్‌లైన్ తరగతిలో చేరవచ్చు. ఊరి కాలేజీలో జపనీస్ రెండో ఏడాదికి ఆరుగురే వస్తే ఆ తరగతి సాధారణంగా రద్దవుతుంది. అదే నాలుగు కాలేజీల నుంచి ఆరుగురేసి వస్తే నిలుస్తుంది. విదేశీ భాషలు విస్తరించాలంటే ఇంతకంటే మంచి మార్గం నాకు కనిపించడం లేదు. కాదనేవారు కారణం చెప్పగలరు.

రెండు కాలేజీల టీచర్:
అయ్యా, నేను పార్ట్‌టైమ్‌గా రెండు కాలేజీలలో ఫ్రెంచి చెబుతాను. మీ లెక్కలో తరగతి నిలిచింది గానీ, నలుగురు టీచర్లలో ముగ్గురు ఏమయ్యారో మీరు చెప్పలేదు. టీచరు లేని కాలేజీలో మొదటి సెమిస్టరు పిల్లవాణ్ని రెండో సెమిస్టరుకు రమ్మని చెప్పేవారే ఉండరు. అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ అంచనా ప్రకారం ఇంగ్లీషు మాతృభాషగా గలవారికి జపనీస్‌లో వృత్తికి పనికివచ్చే స్థాయి రావాలంటే సుమారు 2200 తరగతి గంటలు కావాలి. ఐదు యూనిట్ల సెమిస్టరు కోర్సులో దొరికేవి దాదాపు 90. ఇంత పొడవైన దారిలో విద్యార్థిని పట్టి ఉంచేది తెర కాదు, మనిషి.

సహకారమే వద్దని నేను అనడం లేదు. సోవియట్ ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరిన మరుసటి ఏడాది, 1958లో, అమెరికా తెచ్చిన జాతీయ రక్షణ విద్యా చట్టంలోని ఆరో అధ్యాయం భాషలకు నిధులు తెచ్చింది. తర్వాతి దశాబ్దాలలోనూ కొనసాగిన ఆ నిధులకు ఒంటరిగా పోటీపడే బలం చిన్న కాలేజీలకు తక్కువ కనుక, మిడ్‌వెస్ట్‌ (అమెరికా మధ్య-పశ్చిమ రాష్ట్రాలు)లో కొన్ని కమ్యూనిటీ కాలేజీలు కూటమి కట్టి, తమ చరిత్ర, వ్యాపార శాస్త్రాల అధ్యాపకులనే వర్క్‌షాపులకు పిలిచి, ఉన్న కోర్సులలోకే ప్రపంచ పాఠాలను చేర్పించాయి. అక్కడ పంచుకున్నది టీచర్ల తయారీని. ఇక్కడ పంచుకుంటున్నది టీచరు జీతాన్ని.

కౌన్సెలర్ బల్ల ఇవతల:
మీరిద్దరూ సరఫరా గురించే మాట్లాడుతున్నారు. హైస్కూలులో రెండేళ్లు విదేశీ భాష చదవని విద్యార్థి, ఐగెట్సీ (కమ్యూనిటీ కాలేజీ నుంచి విశ్వవిద్యాలయానికి మారేందుకు చదవాల్సిన కోర్సుల జాబితా) దారిలో యూసీకి, అంటే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి, మారాలంటే, కాలేజీలో ఆ లోటు తీర్చుకోవలసి వచ్చేది. 2025 ఫాల్ సెమిస్టరు నుంచి దాని స్థానంలో వచ్చిన కాల్‌గెట్సీ జాబితాలో ఆ అంశమే లేదు. మా అబ్బాయి జాబితాలోంచి స్పానిష్ తీసేసిన రోజున మా ఇంట్లో ఎవరూ బాధపడలేదని ఒప్పుకోవాలి. అవసరం లేనప్పుడు, పంచుకున్నా పంచుకోకపోయినా ఎవరు చేరుతారు?

ఫ్రీమాంట్ నివాసి:
టీచర్ గారి అభ్యంతరంలో సగం అంగీకరిస్తాను. మొదటి ఏడాదిని ఏ కాలేజీకి ఆ కాలేజీ తన గదిలోనే నడిపి, విద్యార్థులు పలచబడే రెండో ఏడాదిని మాత్రమే కలిపితే మీకు సమ్మతమేనా?

రెండు కాలేజీల టీచర్:
రెండో ఏడాదిని ఒక్కరికే శాశ్వతంగా అప్పగించకుండా, కాలేజీలు వంతులవారీగా నడపాలి. తన విద్యార్థులను అక్కడికి పంపిన టీచరుకు ఆ సలహా గంటలను పనిగంటలుగా లెక్కించాలి. ఈ రెండూ ఒప్పందంలో రాతపూర్వకంగా ఉంటే నాకు సమ్మతమే. నోటిమాటగా అయితే వద్దు.