అప్‌డేట్: మెత్తటి జెల్ మీద న్యూరాన్లు పెంచి చూశాను

నాడీ మూలకణాల నుంచి తయారుచేసిన న్యూరాన్లు ప్లాస్టిక్ డిష్‌లో ముద్దలు కట్టి ఊడిపోతున్నాయని, డిష్ గట్టిదనమే కారణమా అని నెల కిందట అడిగాను. ఓపిగ్గా జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్.

మీరు చెప్పినట్టే పాలీఅక్రిలమైడ్ జెల్ పోశాను. జెల్ గొలుసులను ఒకదానితో ఒకటి కట్టే బిస్అక్రిలమైడ్ తగ్గిస్తే జెల్ మెత్తబడుతుంది. ఒకదాని గట్టిదనం సుమారు 500 పాస్కల్స్, అంటే మెదడు కణజాలానికి దగ్గర. ఇంకోటి 10 కిలోపాస్కల్స్. ప్లాస్టిక్ డిష్ అయితే గిగాపాస్కల్స్‌లో ఉంటుంది, అసలు పోలికే లేదు.

మొదటి బ్యాచ్ మొత్తం పోయింది, ఒక్క కణం అంటుకోలేదు. కణాలు అంటుకోడానికి వేసే లామినిన్ అనే ప్రోటీన్‌ను జెల్‌కి పట్టి ఉంచే రసాయనం సల్ఫో-శాన్‌పాను నీళ్లలో కలిపి చాలాసేపు వదిలేశాను. అది నీళ్లలో త్వరగా పాడైపోతుంది. రెండోసారి కలిపిన వెంటనే జెల్ మీద వేసి యూవీ కింద పెట్టాను. నారింజ రంగు ముదిరి గోధుమ రంగులోకి తిరగడం చూశాకే టెన్షన్ తగ్గింది.

పదో రోజు ఏ కణాలు ఏవో తెలిసేలా స్టెయిన్ చేశాను (రంగు పట్టించాను). మెత్తటి జెల్ మీద న్యూరాన్ల గుర్తుగా చూసే బీటా-3 ట్యూబులిన్ ప్రోటీన్ ఉన్న కణాలు ఎక్కువ, సన్నటి కొమ్మలు దూరందాకా పాకాయి. గట్టి జెల్ మీద ఆస్ట్రోసైట్లు (న్యూరాన్లకు తోడుండే మెదడు కణాలు) ఎక్కువ. ఎలుక నాడీ మూలకణాల మీద 2008లో వచ్చిన ఫలితాలూ ఇదే దారిలో ఉన్నాయి.

కానీ నా అసలు సమస్యకి కారణం గట్టిదనం కాదు. కొత్త లామినిన్ వేశాక ప్లాస్టిక్ మీద కూడా ఊడడం ఆగింది. పాత లామినిన్ సీసాను చాలాసార్లు కరిగించి మళ్లీ గడ్డకట్టించాం, దాంతో అది పాడైనట్టుంది. ఇప్పుడు చిన్న భాగాలుగా పంచి పెట్టుకున్నాను.