అప్‌డేట్: ఇంజన్ 60 డిగ్రీలు దాటని పాత డీజిల్ ట్రాక్టర్

లోడు మీద కూడా గేజ్ ముల్లు 60 డిగ్రీల దగ్గరే ఆగిపోతోందని, తెల్లపొగ తగ్గడం లేదని, ఆయిల్ మూత కింద మీగడలాంటి జిడ్డు చేరుతోందని ఇంతకుముందు అడిగాను. కారణం తేలింది. ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవాన్ని) రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపే వాల్వు, అంటే థర్మోస్టాట్, దాని హౌసింగ్‌లో (గూటిలో) అసలు లేదు, ఎవరో తీసేసి ఖాళీగా బిగించారు. వేడెక్కే ఇంజన్‌కి ఇదే మందని చాలామంది తీసేస్తారు. అది తప్పు. చల్లగా నడిచే ఇంజన్‌లో డీజిల్ పూర్తిగా మండదు. మిగిలింది సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేసి కిందికి దిగుతుంది, పిస్టన్ రింగులు, సిలిండర్ లైనర్లు త్వరగా అరుగుతాయి.

ముందు గేజ్‌ని నమ్మొచ్చో లేదో చూడాలి. దాని సెన్సర్ బల్బు మరిగే నీళ్లలో పెడితే 100 దగ్గర చూపించింది. కొత్త 82 డిగ్రీల థర్మోస్టాట్‌ని గిన్నెలో నీళ్లలో అడుగు తగలకుండా వేలాడదీసి, థర్మామీటరు పెట్టి వేడిచేస్తే 82 దగ్గర తెరుచుకోవడం మొదలై 95కి పూర్తిగా తెరుచుకుంది. బిగించేటప్పుడు స్ప్రింగ్ వైపు ఇంజన్ లోపలికి, గాలి పోయే చిన్న పిన్ను పైకి ఉండాలి. పాత గ్యాస్కెట్ గీకేసి కొత్తది వేశాను. కూలెంట్ నింపి, రేడియేటర్ మూత తీసే స్టార్ట్ చేశాను. థర్మోస్టాట్ తెరుచుకోగానే మట్టం దిగింది, మళ్లీ నింపాను.

ఇప్పుడు లోడు మీద 80–85 దగ్గర నిలకడగా ఉంది, పొగ పోయింది. పాత ఆయిల్‌లో డీజిల్, నీళ్లు కలిసి ఉంటాయి కాబట్టి ఫిల్టర్‌తో సహా మార్చేశాను.

వాటర్ పంపు లేకుండా వేడి నీళ్లు వాటంతటవే పైకెక్కి తిరిగే మోడళ్లకి మాత్రం ఇది వర్తించదు. కంపెనీ థర్మోస్టాట్ ఇవ్వని చోట పెడితే ఆ ప్రవాహానికే అడ్డం. వాటికి రేడియేటర్ ముందు తెరో, షట్టరో వాడాలి.