పదిహేను వేలలో ముస్తఫా ఆడే పీసీ: ఏ పార్టులు తీసుకోవాలి?

పర్లాకిమిడి_కుర్రోడు:

అందరికీ నమస్తే. మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. దసరా సెలవులకి అక్కల పిల్లలు నలుగురూ మా ఇంటికే వస్తారు. ఫోన్లు లాక్కుంటే ఇల్లు పీకి పందిరేస్తారు. అందుకని ఈసారి మన కాలం వీడియోగేములు పెట్టిద్దామనుకుంటున్నాను. (పిల్లలు ఒక వంక మాత్రమే. నాకే ఆడాలనుంది.)

కావలసిన గేములు: ముస్తఫా, అంటే కెడిలాక్స్ అండ్ డైనోసార్స్. కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97, మెటల్ స్లగ్, స్ట్రీట్ ఫైటర్ 2. కుదిరితే టెక్కెన్ 3. ఇద్దరు ఒకేసారి ఆడగలగాలి. బడ్జెట్ పదిహేను వేలు, మహా అయితే ఇంకో వెయ్యి.

ఇక్కడ ఒక షాపులో అడిగాను. గేమ్ అన్న మాట వినగానే కొత్త ఐ3, 16 జీబీ ర్యామ్, 2 జీబీ గ్రాఫిక్స్ కార్డు, లైట్లు మెరిసే క్యాబినెట్ కలిపి ముప్పై రెండు వేలకి కొటేషన్ రాసిచ్చారు. పాత గేములకి ఇంతెందుకండీ అంటే, కార్డు లేకపోతే గేమ్ స్టక్ అవుతుందన్నారు. మా ఫ్రెండేమో టీవీకి గుచ్చే గేమ్ స్టిక్కు ఒకటి ఆన్‌లైన్లో ఉంది, అందులో పదివేల గేములు, అది చాలు అంటున్నాడు. ఇంట్లో 21 అంగుళాల పాత డబ్బా టీవీ ఇంకా పనిచేస్తోంది. కీబోర్డులు రెండున్నాయి. ఏం కొనాలో కాస్త చెప్పండి.

పాత_బోర్డు (రాయగడ):

తమ్ముడూ, ముందు ఆ కొటేషన్ కాగితం మడిచి పక్కన పెట్టు. నేను చాలా ఏళ్ళు వీడియోగేమ్ పార్లర్ మెషిన్లు రిపేర్ చేశాను. ఇప్పుడు ఇన్వర్టర్లు, యూపీఎస్‌లు చేస్తున్నాను. నువ్వు రాసిన గేముల బోర్డులు నా టేబుల్ మీదకి వచ్చినవే.

ముస్తఫా 1993 నాటి క్యాప్‌కామ్ గేమ్. దాని అసలు ప్రాసెసర్ మోటరోలా 68000, వేగం 12 మెగాహెర్ట్జ్. గిగా కాదు, మెగా! సౌండుకి పక్కన ఒక జెడ్80 చిప్పు ఉంటుంది. కింగ్ ఆఫ్ ఫైటర్స్, మెటల్ స్లగ్ నడిచేది 1990లో వచ్చిన ఎస్‌ఎన్‌కే నియోజియో అనే బోర్డు మీద. అందులోనూ అదే 68000, అదే 12. ఎమ్యులేటర్ అంటే పాత మెషిన్‌లా నటించే సాఫ్ట్‌వేర్. అది చేసే పనల్లా ఆ చిప్పులు ఏ క్షణాన ఏం చేసేవో లెక్కగట్టి అచ్చం అలాగే నడవడం. ఆ బరువంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. మేమ్ అనే ఎమ్యులేటర్‌లో ఇలాంటి గేముల బొమ్మ కూడా ప్రాసెసరే గీస్తుంది. గీసిన బొమ్మని తెరకి సరిపడా సాగదీయడమే గ్రాఫిక్స్ పని. నీ 2 జీబీ కార్డు ఊరికే కూర్చుని కరెంటు తింటుంది. కోర్లు ఎన్నున్నాయని కూడా చూడకు, ఒక్కో కోర్ ఎంత చురుకో చూడు.

కాబట్టి కొత్తది వద్దు. ఆఫీసులు తీసేసిన సెకండ్‌హ్యాండ్ పీసీల్లో నాలుగో తరం ఐ5 వెతుకు. ఐ5-4570 అయితే మరీ మంచిది. 2013 నాటిది, 3.2 గిగాహెర్ట్జ్, నాలుగు కోర్లు, ఎచ్‌డీ 4600 గ్రాఫిక్స్ అందులోనే ఉంటుంది. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీతో మా వైపు ఏడెనిమిది వేలు చెబుతున్నారు. ర్యామ్ 4 జీబీ ఉన్నా ఈ గేములకి ఇబ్బంది లేదు, ర్యామ్ ధర ఎక్కువ చెబితే అక్కడ తగ్గించుకో.

ఒక్క విషయం మాత్రం కొనేముందే మూత తీయించి చూడు. డెల్ ఆప్టిప్లెక్స్ 3020, 9020ల్లో మదర్‌బోర్డుకి పవర్ వచ్చే కనెక్టర్ మామూలు 24 పిన్నులది కాదు, 8 పిన్నులది. అదే తరం ఎచ్‌పీ, లెనోవో ఆఫీసు మెషిన్లదీ ఇదే వరస, ఎవరి పిన్నులు వాళ్ళవి. సిటీలో అయితే సరే. మన ఊళ్ళలో గాలివానకి వోల్టేజీ ఎగిరి ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటిచ్చే డబ్బా) పోయిందంటే పక్క షాపులో దొరికేది దానికి పట్టదు. మార్చి తగిలించుకునే కేబుల్ ఆన్‌లైన్లో తెప్పించుకోవాలి. అందుకే మూడు దార్లు. ఆ కేబుల్ ముందే కొని డ్రాయర్‌లో పడేసుకో. లేదంటే ఒక తరం వెనక్కి పోయి 24 పిన్నులుండే ఆప్టిప్లెక్స్ 7010 టవర్ తీసుకో. అదీ కాదంటే మామూలు హెచ్81 మదర్‌బోర్డు మీద ఇదే ఐ5 వేయించి, ఏ షాపులోనైనా దొరికే ఎస్‌ఎంపీఎస్ పెట్టించు. నన్నడిగితే మూడోదే. రెండు వేలు ఎక్కువైనా, ఏది పోయినా ఊళ్ళోనే బాగవుతుంది.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే వేరే యూపీఎస్ కొనకు. ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూసి అందులో పెట్టు. రెండో మోడ్‌లో కరెంటు మారేటప్పుడు పట్టే ఆ చిన్న గ్యాప్‌కే పీసీ రీస్టార్ట్ అవుతుంది. సరిగ్గా బాస్ చావబోయేటప్పుడే పోతుంది కరెంటు, రాసి పెట్టుకో.

టెక్కెన్ 3 మాత్రం వేరే జాతి. అది ప్లేస్టేషన్ ఆధారంగా చేసిన బోర్డు మీద నడిచేది. ఆర్కేడ్‌దే కావాలని పట్టు పట్టకుండా 1998లో వచ్చిన ప్లేస్టేషన్ వెర్షన్ ఆడుకో. ఈ పీసీ మీద నల్లేరు మీద నడకే.

బరంపురం_బావ:

పాత బోర్డు గారు పార్టుల సంగతి బాగా చెప్పారు. నేను టీవీ సంగతి చెబుతాను. ఆ డబ్బా టీవీకి వెనక పసుపు, తెలుపు ఏవీ పిన్నులే ఉంటాయి. పీసీకి ఉండేది వీజీఏ, డిస్‌ప్లేపోర్ట్. మధ్యలో చిన్న కన్వర్టర్ డబ్బా పెడితే బొమ్మ వస్తుంది గానీ అక్షరాలు అలుక్కుపోతాయి, అంచులు వణుకుతాయి. డబ్బా టీవీ మీదే ఆడాలంటే రాస్ప్‌బెర్రీ పై 3 మేలు. దాని హెడ్‌ఫోన్ రంధ్రంలోంచే ఏవీ సిగ్నల్ వస్తుంది. ఫైనల్‌బర్న్ నియో అనే ఎమ్యులేటర్ వేసుకుంటే ముస్తఫా, కింగ్ ఆఫ్ ఫైటర్స్ హాయిగా నడుస్తాయి. గీతలు గీతలుగా ఆ పాత బొమ్మ చూస్తే ప్రాణం లేచొస్తుంది బావా.

ఆ గేమ్ స్టిక్కు జోలికి మాత్రం పోవద్దు. మా ఇంట్లో ఒకటుంది. బటన్ నొక్కాక కాసేపాగి గుద్దు పడుతుంది. పదివేల గేముల్లో ఒకటే గేమ్ పది పేర్లతో ఉంది.

పాత_బోర్డు (రాయగడ):

పై 3 మాట నిజమే, కాదనను. కానీ బోర్డు, అడాప్టర్, మెమరీ కార్డు, దాని పెట్టె అన్నీ కలిపితే పాత పీసీ ధరకి దగ్గరికొస్తుంది. పైగా పిల్లలు రేపు వేరే గేమ్ అడిగితే చేతులెత్తేస్తుంది. టీవీ అటకెక్కించు తమ్ముడూ. పీసీ కొన్నచోటే 17 అంగుళాల చదరం మానిటర్ అడుగు, ఆఫీసు సామాన్లో పడుంటాయి, రెండు వేల లోపే. దాని తెర 1280×1024. నియోజియో బొమ్మ 320×224. నాలుగు రెట్లు చేస్తే 1280×896, అడ్డంగా అంచు నుంచి అంచుకి సరిగ్గా కూర్చుంటుంది. వెడల్పు టీవీలో సాగదీస్తే మన హీరోలందరూ పొట్టిగా, బొద్దుగా అయిపోతారు.

సిరొంచ_సార్:

మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ. ఒక మాట నాది కూడా. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోని అయిపోయింది, నాలుగో తరం మీద విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. గేములకే అయితే విండోస్ ముచ్చటే వద్దు. బటోసెరా అని గేముల కోసమే చేసిన ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటది, దాన్ని పెన్‌డ్రైవ్‌ల వేసి దాని మీదికెళ్ళే బూట్ చేయి. పీసీ ఆన్ చేస్తే సీదా గేముల లిస్టే వస్తది, పిల్లలు వేరే ఏం గెలకలేరు.

ఇంకోటి, రోమ్‌లు, అంటే గేమ్ ఫైళ్ళు, ఎక్కడ దొరుకుతయని ఇక్కడ అడగకు, కాపీరైట్ ఉంటది. మేమ్ వాళ్ళ సైట్‌ల హక్కుదారులు పర్మిషన్ ఇచ్చిన పాత గేములు కొన్ని ఉచితంగనే ఉన్నయి, ముందుగాల వాటితోని సెట్టింగ్ అంతా చూసుకో. విండోస్ ఉంచుకుంటే స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంల క్యాప్‌కామ్ ఆర్కేడ్ స్టేడియం, మెటల్ స్లగ్, కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97 కొనుక్కోవచ్చు. సేల్ టైంల ధర తగ్గుతది.

పర్లాకిమిడి_కుర్రోడు:

అందరికీ చాలా థాంక్స్. హెచ్81, ఐ5 ఖాయం చేసుకున్నాను. చదరం మానిటర్ పక్క వీధిలో జిరాక్స్ షాపాయన దగ్గర ఊరికే పడుంది, అడిగితే ఇస్తానన్నారు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది, ఆ స్విచ్ ఇన్నాళ్ళూ ఎందుకుందో ఇప్పుడు తెలిసింది. ఒక్క డౌట్. జాయ్‌స్టిక్కులు అవసరమా? ఉన్న కీబోర్డుతోనే ఇద్దరం కానిచ్చేయలేమా?

పాత_బోర్డు (రాయగడ):

కీబోర్డు మీద ఒక్కడు ఆడుకోవచ్చు. ఇద్దరైతే గొడవలే. మామూలు కీబోర్డు లోపల ప్లాస్టిక్ పొరల మీద అడ్డంగా, నిలువుగా గీతలుంటాయి, కీలన్నీ ఆ గీతల కూడళ్ళలోనే. ఆ గీతల గడిలో మూడు మూలల కీలు ఒకేసారి పడితే, మూడోది పడిందో నాలుగో మూలది పడిందో దానికి తెలియదు, వదిలేస్తుంది. ముస్తఫాలో దెబ్బ, గెంతు రెండూ కలిపి నొక్కితే గిర్రున తిరిగి అందరినీ పడగొడతాడు కదా. అదే సమయానికి పక్కవాడు బాణం కీలు పట్టుకుని పరిగెత్తాడనుకో, నీ మావ నిలబడి తన్నులు తింటాడు. తప్పు నీదంటే నీదని పిల్లలు జుట్లు పట్టుకుంటారు. రెండు కీబోర్డులు పెడితే కొంత నయం గానీ, ఆ చేతి పట్టు రాదు.

మానిటర్ డబ్బులు మిగిలాయి కాబట్టి అవి ఇక్కడ పెట్టు. జీరో డిలే అని రాసి యూఎస్‌బీ ఎన్‌కోడర్ (బటన్ నొక్కులని పీసీకి చేర్చే చిన్న బోర్డు), ఒక స్టిక్కు, బటన్లు కలిపి కిట్ వస్తుంది, అలాంటివి రెండు. ఆర్డర్ పెట్టేముందు బటన్ ఫొటో చూడు. నొక్కి దింపే రకం పలచటి రేకుకో, సన్నటి షీట్‌కో పనికొస్తుంది. మీ వడ్రంగి వేసే 18 ఎంఎం ప్లైలో దాని చెవులు పట్టవు, ఊడొచ్చేస్తుంది. ప్లై అయితే కింద నట్టు బిగించే రకమే తీసుకో. స్టిక్కుకి కూడా మందం ఎక్కువైతే పైకొచ్చే కడ్డీ పొట్టిదైపోయి పట్టు చాలదు, ఆ చోట కింద నుంచి చెక్కించు. బెజ్జాలు కిట్ చేతికొచ్చి కొలిచాకే వేయించు.

రెండు ఎన్‌కోడర్లూ ఒకేలాంటివైతే పీసీకి ఎవరు ఎవరో తెలియక, రీస్టార్ట్ అయినప్పుడు ఒకటో ప్లేయర్ రెండోవాడైపోవచ్చు. యూఎస్‌బీ రంధ్రాలు మార్చకుండా, వైర్లకి రెండు రంగుల టేపు చుట్టి ఉంచు. అప్పటికీ తారుమారైతే మేమ్‌లో ఏ స్టిక్కు ఎవరిదో ఖాయం చేసే కంట్రోలర్ ఫైల్ ఒకటుంటుంది, అక్కడిదాకా వస్తే రాయి, చెబుతాను.

పర్లాకిమిడి_కుర్రోడు:

నట్టు రకమే పెట్టేశాను, ఎరుపు సెట్టు ఒకటి, నీలం సెట్టు ఒకటి. వడ్రంగి ఆదివారం వస్తానన్నాడు, కిట్ శుక్రవారానికి వస్తుందట. ఇంకొకటి అడగనా? ముస్తఫా ముగ్గురు ఆడేది కదా, మూడో కిట్‌కి ఈ పీసీలో ఏమైనా ఇబ్బందా?

పాత_బోర్డు (రాయగడ):

పీసీకి ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా బల్ల వెడల్పే. ముగ్గురు పక్కపక్కన మోచేతులు తగలకుండా నిలబడాలంటే కనీసం నాలుగడుగులు కావాలి. వడ్రంగి కోత పెట్టకముందే చెప్పు.