చెల్లో నుంచి గాంబాకి మారాను, కచేరీకి నెలే ఉంది, సలహా కావాలి

ప్రశ్న:
పన్నెండేళ్లు చెల్లో వాయించి, రెండేళ్ల క్రితం ఏడు తంతుల బేస్ వయోలా ద గాంబా (చెల్లోలాగే కమానుతో వాయించే పాత యూరప్ వాయిద్యం) మొదలుపెట్టాను. వచ్చే నెల ఒక చిన్న గదిలో, నలభై మంది ముందు, ఫ్రెంచ్ గాంబా వాద్యకారుడు మారాన్ మారే 1701లో అచ్చువేసిన రెండో పుస్తకంలోని ఫోలియా (ఒక పాత బాణీ మీద అల్లిన) వరసల్లో కొన్ని వాయించాలి. కమాను పట్టే తీరు చెల్లోకి తిరగబడి ఉండటంతో కంగారు పడగానే చెయ్యి పాత దారికే వెళ్లిపోతోంది. పైగా పేగు తంతులు మధ్యలోనే శ్రుతి తప్పుతున్నాయి. "చెల్లో మీదే వాయించెయ్, ఎవరికి తెలుస్తుంది" అంటున్నాడు ఒక స్నేహితుడు. నిజంగా తెలియదా?

జవాబు 1:
తెలుస్తుందండీ. చెల్లోకి ఉన్నవి నాలుగే తంతులు, వాటి మధ్య పంచమాల (ఐదో స్వరం) దూరం. గాంబాలో ఎక్కువగా చతుర్థాలు (నాలుగో స్వరం దూరం), మధ్యలో ఒక్కచోట తృతీయం, అందుకే నిండు కార్డ్‌లు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) వేళ్ల కిందికి వాటంతటవే వస్తాయి. చెల్లో మీద వాటిని ముక్కలు చేయక తప్పదు. వేలు ఎక్కడిదాకా ఎత్తకూడదో కూడా మారే గుర్తులు పెట్టి మరీ చెప్పాడు, ఎందుకంటే నొక్కి ఉంచిన స్వరం తర్వాతి స్వరం కింద ఇంకా మోగుతూ ఉండాలి. ఆ మోతే ఈ సంగీతం. దాన్ని వదులుకోకండి.

జవాబు 2:
కమాను గురించి నా అనుభవం చెప్తాను. చెల్లోలో బలమైన దెబ్బకి కమానుని బయటికి లాగుతాం, గాంబాలో కొస దగ్గర మొదలుపెట్టి లోపలికి తోస్తాం. నేను మూడు వారాలు వేరే ఏదీ ముట్టుకోకుండా, ఖాళీ తంతి మీద నెమ్మదిగా మూడు దెబ్బల తాళం వేసుకుని, మొదటి దెబ్బ ప్రతిసారీ తోపుతోనే వచ్చేలా సాధన చేశాను. అరచెయ్యి పైకి తిరిగి ఉంటుంది కదా, మధ్యవేలు వెంట్రుకల మీదే ఆనించి స్వరం మొదలయ్యే క్షణంలో కాస్త బిగించండి, "త" అని పలికినట్టు వస్తుంది, వెంటనే వదిలెయ్యండి. ఈ బిగించి వదలడం కుదిరాక చెయ్యి చెల్లోని మర్చిపోయింది.

జవాబు 3:
శ్రుతి విషయానికి వస్తే, ముందు వాయిద్యాన్ని గంట ముందే ఆ గదిలో పెట్టె తెరిచి ఉంచండి, పేగు తంతి గాలిలో తేమకి మారిపోతుంది. జనం వచ్చాక గది వేడెక్కి ఇంకోసారి మారుతుంది, అప్పుడు టెన్షన్ పడకుండా మళ్లీ శ్రుతి చేసుకోండి. అసలు చిక్కు మెట్ల (ఫ్రెట్ల) దగ్గర. అవి మెడకి కట్టిన పేగు ముళ్లే కాబట్టి జరపొచ్చు, కానీ ఒక మెట్టు జరిపితే అన్ని తంతులకీ జరుగుతుంది. మీన్‌టోన్‌లో (అరస్వరాలన్నీ సమానంగా ఉండని పాత శ్రుతి పద్ధతిలో) ఇ తంతి మీద ఎఫ్ స్వరం కోసం మొదటి మెట్టుని బ్రిడ్జి వైపు కాస్త జరిపితే, పక్కన సి తంతి మీద సి షార్ప్ (సి కంటే అరస్వరం పైది) మరీ ఎక్కువైపోతుంది. ఫోలియా డి మైనర్‌లో ఉంది కాబట్టి మీకు రెండూ కావాలి. కొందరు అక్కడ ఇంకో చిన్న మెట్టు ముక్క అతికిస్తారు. వీలైనచోట ఆ సి షార్ప్‌ని జి తంతి ఆరో మెట్టు దగ్గర పట్టి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. సి షార్ప్ జి తంతి మీద పట్టి చూశాను, ఎంత హాయిగా కుదిరిందో! వేళ్ల గుర్తులు కొన్ని చోట్ల మళ్లీ రాసుకోవాలి, ఇవాళ రాత్రి అదే పని.